ఆవిడను అడిగారా మాస్టారూ?

ప్రశ్న: నేను రాజమహేంద్రవరంలో హైస్కూల్ హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాను. వచ్చే మే నెలకు మా పెళ్ళయి 35 ఏళ్ళు నిండుతాయి. ఆ సందర్భంగా ఇద్దరం యూరప్‌లో రివర్ క్రూజ్‌కి వెళ్దామని ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బుడాపెస్ట్ దాకా 14 రాత్రుల ప్యాకేజీ ఒకటి చూశాను. ఒక్క ఖర్చుతో అయిదు దేశాలు అయిపోతాయి కదా! కాకపోతే మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, బీపీ ఉన్నాయి. పూర్తి శాకాహారి. పైగా గోదావరిలో లాంచీ మునిగిన కచ్చులూరు ప్రమాదం జరిగినప్పటి నుంచి లాంచీ ఎక్కమంటే భయపడుతోంది. ఇన్ని ఇబ్బందులతో ఈ ప్రయాణం పెట్టుకోవచ్చా? పెట్టుకుంటే ఏ నది, ఎప్పుడు, ఎంతవుతుంది?

సమాధానం: నమస్కారం మాస్టారూ. తప్పకుండా పెట్టుకోండి. మీరు రాసిన ఇబ్బందుల్లో ఒక్కటి కూడా ప్రయాణం మానుకోవాల్సినంత పెద్దది కాదు. కానీ మీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే నాకు ఒక వెలితి కనిపించింది. అందులో మీ శ్రీమతిగారి మోకాళ్ళున్నాయి, బీపీ ఉంది, తిండి ఉంది, భయం ఉంది. ఆవిడకు ఏం చూడాలని ఉందో మాత్రం లేదు. అయిదు దేశాలు మీ కోరిక. మరి ఆవిడది? అది తెలియకుండా ఏ నది అన్నదానికి నేను చెప్పే జవాబు సగమే అవుతుంది. ఇవాళ సాయంత్రం కాఫీ తాగేటప్పుడు అడగండి. "నీకు అభ్యంతరమా" అని కాదు, "నీకు ఎలా గడపాలనుంది" అని అడగండి. ఊళ్ళు తిరగాలనుందా, డెక్ మీద కుర్చీ వేసుకుని ఒడ్డు చూస్తూ కూర్చోవాలనుందా, చర్చిలూ కోటలూ ఇష్టమా, సంగీతమా, పూలతోటలా? ఆ జవాబును బట్టి నేను కింద రాసినవాటిలో మార్పులు చేసుకోండి.

ఇక 14 రాత్రుల సంగతి. మొదటిసారికి అది వద్దని గట్టిగా చెబుతాను. ఆ దారి రైన్ నది మీంచి మైన్ నదిలోకి వెళ్ళి, 1992లో పూర్తయిన మైన్-డాన్యూబ్ కాలువ దాటి డాన్యూబ్‌లో పడుతుంది. ఇంజనీరింగ్ మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు అదొక అద్భుతమే. మైన్ మీద ఓడను ఎక్కించి దించే లాకులు 34, కాలువ మీద మరో 16. ధవళేశ్వరం లాకులు చూసి పెరిగినవారు కాబట్టి మీకు నచ్చవచ్చు కూడా. కానీ ఆ మధ్య భాగంలో వంతెనలు బాగా కిందికి ఉంటాయి. వాటి కింద నుంచి వెళ్ళాలంటే ఓడ పైడెక్ మీద పందిళ్ళు, రెయిలింగులు మడిచేస్తారు, కెప్టెన్ ఓడ నడిపే గదిని కూడా కిందికి దించేస్తారు. అప్పుడు ప్రయాణికులను పైకి రానివ్వరు. డెక్ మీద కూర్చోవడానికని వెళ్ళి గంటల తరబడి కిందే ఉండాల్సి వస్తే ఎవరికైనా విసుగే. పైగా రెండు వారాలపాటు రోజుకో ఊరు, ఊరికో గైడు అంటే పదో రోజుకి ఏ చర్చి ఏ ఊళ్ళోదో గుర్తుండదు.

ఏడు రాత్రులు చాలు. నా ఓటు డాన్యూబ్‌కి, అందులోనూ జర్మనీలోని పాసౌ నుంచి హంగరీలోని బుడాపెస్ట్ దాకా. మధ్యలో ఆస్ట్రియా, స్లొవేకియా తగులుతాయి. లెక్క చూసుకున్నా నాలుగు దేశాలు, మీకు తగ్గేది ఒక్కటే!

పాసౌలో ఓడ ఎక్కేముందు ఒక పూట ఆ ఊరికే కేటాయించండి. మూడు నదులు అక్కడ కలుస్తాయి. ఆల్ప్స్ మంచు కరిగి వచ్చే ఇన్ నది పాలు కలిపినట్టు లేత ఆకుపచ్చగా, ఉత్తరం నుంచి అడవుల్లోంచి వచ్చే చిన్న ఇల్జ్ నది నల్లగా, మధ్యలో డాన్యూబ్. కలిసిన చోట నిలబడితే రంగులు వేరువేరుగా కొంతదూరం పక్కపక్కనే పోవడం కంటికి కనిపిస్తుంది. అక్కడికి దగ్గర్లోనే పాత టౌన్‌హాల్ గోడ మీద వరద గుర్తులు ఉంటాయి. ఏ ఏడు నీళ్ళు ఎంతవరకు వచ్చాయో గీతలు గీసి సంవత్సరాలు రాశారు. 1501 నాటిది అన్నిటికంటే పైన. దానికి దగ్గరగా 2013 జూన్‌లో వచ్చిన వరద, 12.89 మీటర్లు. 1986 వరద చూసిన గోదావరి మనిషికి ఆ గోడ ముందు నిలబడితే గైడు అవసరం ఉండదు.

అక్కడి నుంచి కిందికి వస్తుంటే మెల్క్, క్రెమ్స్ ఊళ్ళ మధ్య వాఖావు లోయ వస్తుంది. 36 కిలోమీటర్ల దారి. 2000 సంవత్సరంలో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రెండు వైపులా రాతిగోడలు కట్టి మెట్లు మెట్లుగా పెంచిన ద్రాక్షతోటలు, మధ్యలో ఆప్రికాట్ చెట్లు, గుట్టల మీద శిథిలమైన కోటలు. డ్యూర్న్‌స్టైన్ అనే చిన్న ఊరి పైన ఉన్న కోటలోనే 1192 చివర్లో ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ను బంధించారు. ఓడ ఈ లోయను పగటిపూట దాటుతుందా, రాత్రి దాటుతుందా అని బుక్ చేసేముందే అడగండి. రాత్రి దాటే టైమ్‌టేబుల్ ఉంటే, ఎంత తక్కువ ధరకు ఇస్తామన్నా తీసుకోవద్దు. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే. ఆ రెండు మూడు గంటలు గదిలో ఉండకండి. మే నెలైనా ఉదయం డెక్ మీద చలిగాలి కొడుతుంది, స్వెట్టర్లు, ఆవిడకు ఒక శాలువా చేతికి అందేలా ఉంచుకోండి.

ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. గోదావరి వెడల్పు చూసిన కళ్ళకు డాన్యూబ్ ఆనదు. బుడాపెస్ట్‌లో 1849లో తెరిచిన చెయిన్ బ్రిడ్జి పొడవు 400 మీటర్లు కూడా లేదు. మన రోడ్డు-రైలు వంతెనతో పోలిస్తే అదేపాటి? కానీ నది ఇరుకుగా ఉండబట్టే రెండు ఒడ్డులూ మీతో పాటు నడుస్తాయి. చేపలు పట్టుకునే ముసలాయన, సైకిల్ మీద పోయే పిల్లలు, పెరట్లో ఆరేసిన బట్టలు, అన్నీ కనిపిస్తాయి.

ఇప్పుడు ఆవిడ భయం దగ్గరికి వద్దాం. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన దాన్ని మీ ఊరివాళ్ళు మరిచిపోలేరు, మరిచిపొమ్మని చెప్పడం తప్పు. "అక్కడ అలాంటివి జరగవు" అని మీరు ఆవిడతో అనకండి. అదే ఏడాది మే 29 రాత్రి బుడాపెస్ట్‌లో, జోరువానలో, పర్యాటకుల చిన్న బోటును వెనక నుంచి పెద్ద క్రూజ్ ఓడ ఢీకొట్టింది. బోటు క్షణాల్లో మునిగిపోయింది. అందులో ఉన్న దక్షిణ కొరియా పర్యాటకుల్లో ఎక్కువమంది బతకలేదు. ఎవరూ లైఫ్ జాకెట్లు వేసుకుని లేరు. ఆవిడకు ఇది తర్వాత ఎవరి నోటో తెలియడం కన్నా ముందే మీ నోట తెలియడం మంచిది. ఇక మీరెక్కేది ఎలాంటిదో కూడా చెప్పండి. ఈ ఓడలు 110 నుంచి 135 మీటర్ల పొడవు, పదకొండున్నర మీటర్ల దాకా వెడల్పు ఉంటాయి. ఎక్కిన మొదటి రోజునే లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో, అలారం మోగితే ఎక్కడికి రావాలో చూపిస్తారు. ఆ పావుగంట ఆవిడను ముందు వరసలో కూర్చోబెట్టండి. ప్రశ్నలుంటే అడగనివ్వండి, మీరు తెలుగులోంచి ఇంగ్లీషులోకి చెప్పండి. నగరాల్లో విడిగా చిన్న బోట్లలో షికారుకు మాత్రం వెళ్ళకండి. ఓడ ఎలాగూ బుడాపెస్ట్‌కు చేరేటప్పుడో, బయల్దేరేటప్పుడో దీపాలు పెట్టిన పార్లమెంటు భవనం ముందు నుంచి తీసుకెళ్తుంది, అది చాలు.

అలల ఊపు, వాంతులు లాంటివి ఈ నదుల మీద దాదాపు ఉండవు. భయపెట్టేది ఒకటుంది, అది ముందే తెలిస్తే భయమనిపించదు. అదే లాకు. పాసౌ నుంచి బుడాపెస్ట్‌కు వెళ్ళేటప్పుడు పదకొండు లాకులు దాటాలి. కొన్ని అర్ధరాత్రి వస్తాయి. నిద్రలో ఉండగా చిన్న కుదుపు, ఓడ పక్క ఎక్కడో ఒరుసుకున్న చప్పుడు, కిటికీ తెర తీస్తే జానెడు దూరంలో నాచు పట్టిన తడి కాంక్రీటు గోడ. అది మెల్లగా పైకి పోతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి కిందికి దిగుతున్నది మీ ఓడే. స్లొవేకియాలోని గాబ్చికోవో లాకులో దాదాపు 20 మీటర్లు దిగుతుంది. తెలియనివాళ్ళకు మునిగిపోతున్నామేమో అనిపించడం సహజం. అందుకని మొదటి లాకు పగలు వచ్చేటప్పుడు ఆవిడను పైకి తీసుకెళ్ళి, తలుపులు మూసుకోవడం, నీళ్ళు దిగడం మొత్తం చూపించండి. రాత్రి అదే చప్పుడు వినిపిస్తే అటు తిరిగి పడుకుంటారు.

గది ఎంపికలో ఏజెంట్లు చెప్పనివి రెండున్నాయి. అన్నిటికంటే కింది అంతస్తు గదులు చవక, కానీ కిటికీ ఎక్కడో పైన, నీటిమట్టానికి కాస్త ఎత్తులో ఉంటుంది. తెరుచుకోదు. నీళ్ళంటే భయమున్న మనిషిని ఆ గదిలో పెట్టకండి. పైగా చాలా ఓడల్లో లిఫ్టు ఆ అంతస్తుకు పోదు, పైడెక్‌కు కూడా పోదు. మధ్య అంతస్తులో ఫ్రెంచ్ బాల్కనీ గది తీసుకోండి. పేరుకే బాల్కనీ, కుర్చీ పట్టదు, జరిపే అద్దం తలుపు, దానికి రెయిలింగు, అంతే. గాలి వస్తుంది, అది చాలు. వెనక చివర ఇంజన్ చప్పుడు ఉంటుంది, నడిమి భాగంలో అడగండి. ఇక రెండోది. రేవుల్లో చోటు లేక ఓడలను ఒకదాని పక్కన ఒకటి ఆనించి కడతారు. పొద్దున్నే తెర తీస్తే ఎదురుగా నది ఉండదు, పక్క ఓడలో టూత్‌బ్రష్ నోట్లో పెట్టుకున్న మనిషి ఉంటాడు! ఊళ్ళోకి వెళ్ళాలంటే ఆ ఓడ లాబీ మీంచే దాటాలి. అందుకే ఎక్కువ డబ్బు పెట్టి పెద్ద బాల్కనీ కొనడం నాకు అంత లాభమనిపించదు. ఆ డబ్బుతో వియన్నాలో రెండు రాత్రులు ఎక్కువ ఉండవచ్చు.

మోకాళ్ళ గురించి. ఒడ్డు మీద టూర్లు చాలావరకు రెండు మూడు గంటల నడక, అదీ పాతకాలపు గుండ్రాళ్ళు పరిచిన వీధుల్లో. హీల్స్ సరేసరి, పలచటి చెప్పులు కూడా పనికిరావు, మెత్తటి అడుగున్న బూట్లు ఇక్కడే కొని నెల రోజులు అలవాటు చేయించండి. నెమ్మదిగా నడిచేవాళ్ళకు విడిగా ఒక గుంపు పెట్టే కంపెనీలు ఉన్నాయి, అది ఉందో లేదో అడిగి మరీ బుక్ చేయండి. మెల్క్ మఠం గుట్ట మీద ఉంటుంది. బస్సులో తీసుకెళ్తారా, నడిపిస్తారా అని కనుక్కోండి. అన్నిటికన్నా ముఖ్యమైన మాట: ప్రతి టూరుకూ ఇద్దరూ వెళ్ళాలని రూలేమీ లేదు. ఆవిడకు కాళ్ళు లాగుతున్న పూట ఓడలోనే ఉంటానంటే ఉండనివ్వండి, మీరు వెళ్ళి రండి. లేదా మీరే టూరు మానేసి, ఇద్దరూ రేవు పక్కన బెంచీ మీద కూర్చుని కాఫీ తాగండి. డబ్బు కట్టాం కదా అని లాక్కెళ్తే రెండో రోజుకల్లా మోకాలు వాచి మిగతా వారమంతా పాడవుతుంది. వియన్నాలో చాలా ఓడలు రైష్‌బ్రుకె వంతెన దగ్గర ఆగుతాయి, అక్కడి నుంచి యూ1 మెట్రో ఎక్కితే కొద్ది నిమిషాల్లో నగరం నడిబొడ్డున స్టెఫాన్స్‌ప్లాట్స్‌లో దిగొచ్చు. టూరు బస్సు కోసం పరుగెత్తక్కర్లేదు.

సముద్రం మీది పెద్ద ఓడల్లోలాగా ఈ ఓడల్లో సాధారణంగా డాక్టరు ఉండరు. ఒడ్డు ఎప్పుడూ దగ్గరే కాబట్టి అవసరమైతే ఊళ్ళో ఆస్పత్రికి పంపిస్తారు. కాబట్టి బీపీ మందులు ప్రయాణానికి సరిపడా, ఇంకో వారానికి కూడా, స్ట్రిప్పుల్లోనే, ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతి సంచిలో పెట్టుకోండి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు బీపీ సంగతి దాచకుండా రాసి, ముందునుంచి ఉన్న జబ్బులకూ వర్తించే పాలసీ తీసుకోండి. వీసాకు చూపించడానికి అని అన్నిటికంటే చవకది కొనేవాళ్ళు చాలామంది. మీరు ఆ పని చేయకండి.

తిండికి టెన్షన్ వద్దు. బుక్ చేసేటప్పుడే శాకాహారమని రాయించండి, ఎక్కిన రోజు రెస్టారెంటు మేనేజరుకు మళ్ళీ చెప్పండి. చేప, గుడ్డు, మాంసం ఉడికించిన నీళ్ళతో చేసిన సూప్ కూడా వద్దని విడమరచి చెప్పాలి. అక్కడ చేపను శాకాహారంలో కలిపేవాళ్ళున్నారు. అన్నం అడిగితే వండి ఇస్తారు, పెరుగు ఎలాగూ ఉంటుంది. ఆవకాయ, కందిపొడి తీసుకెళ్ళండి, కానీ ఒక నిబంధన గుర్తుంచుకోండి. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ళు మాంసం, పాల ఉత్పత్తులు యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు. అంటే నెయ్యి సీసా, పాలకోవా ఇంట్లోనే వదిలేయాలి. గదిలో కరెంటు కెటిల్ కూడా పెట్టనివ్వరు. భోజనాల దగ్గర ఎక్కువగా ఆరుగురు, ఎనిమిది మంది కూర్చునే బల్లలే ఉంటాయి. ఆవిడకు కొత్తవాళ్ళ మధ్య ఇంగ్లీషులో ఇబ్బందిగా ఉంటుందనుకుంటే కాస్త ముందు వెళ్ళి, ఇద్దరికే ఉన్న బల్ల పట్టుకోండి. కొన్ని ఓడల్లో అంతా జర్మన్‌లోనో ఫ్రెంచ్‌లోనో నడుస్తుంది, ఇంగ్లీషు ఉందో లేదో చూసుకోండి.

ఖర్చు: ఏడు రాత్రులకు చవకలో చూసినా మనిషికి లక్ష దాటుతుంది. టూర్లు, పానీయాలు, టిప్పులు అన్నీ కలిపిన కంపెనీల్లో మూడు నాలుగు లక్షలు. విమానం, వీసా దీనికి అదనం. రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు, చవకదానిలో ఏమేం విడిగా కట్టాలో రాసుకుని కలపండి. టిప్పు కలపకపోతే మనిషికి రోజుకు పది యూరోలకు పైనే వేసుకోండి. ఇక్కడి టూర్ కంపెనీ ద్వారా కడితే టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు, రసీదు దాచుకుంటే ఇన్‌కంటాక్స్ రిటర్నులో చూపించుకోవచ్చు. హంగరీలో యూరో కాదు, ఫోరింట్లు.

మే నెల మంచి ఎంపికే. నదుల మీద అసలు సమస్య నీటిమట్టం. వరదొస్తే వంతెనల కింద ఓడ పట్టదు, నీళ్ళు తగ్గితే అడుగు ఆనుతుంది. 2018లో, 2022లో రైన్ మీద నీళ్ళు బాగా తగ్గాయి. 2024 సెప్టెంబరులో డాన్యూబ్‌కు వరద వచ్చి ఓడలు ఆగిపోయాయి. డాన్యూబ్ మీద నీళ్ళు తక్కువైతే ముందుగా చిక్కొచ్చేది బవేరియాలో, పాసౌకు ఎగువన స్ట్రౌబింగ్, విల్స్‌హోఫెన్‌ల మధ్య. పాసౌ నుంచి మొదలుపెట్టమన్నది అందుకు కూడా. ఓడ ఆగిపోతే బస్సులో తిప్పి, హోటల్లో పెట్టి సరిపెట్టే హక్కు కంపెనీకి ఉందని ఒప్పందంలో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అది చదివి, అలా జరిగితే డబ్బు ఎంత వెనక్కిస్తారో ఈమెయిల్‌లో రాయించుకోండి. ఫోన్లో చెప్పినదాన్ని నమ్ముకోకండి.

వీసా ఒక్కటే, ఈ దేశాలన్నిటికీ పనికొచ్చే షెంగెన్ వీసా. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికి దరఖాస్తు పెట్టాలి. మీ దారిలో అది ఆస్ట్రియా కావచ్చు, రాత్రులు లెక్కపెట్టి చూసుకోండి. ఫీజు 90 యూరోలు, సర్వీసు చార్జీలు వేరే. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, అంటే మీరు నవంబరులోనే మొదలుపెట్టవచ్చు. వేసవికి హైదరాబాద్‌లో అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టమవుతుంది, ఫిబ్రవరి దాటనివ్వకండి. విమానం టికెట్లు ఓడ బయల్దేరే రోజుకు ఒకటి, వీలైతే రెండు రోజుల ముందుకు తీసుకోండి. మీ పెన్షన్ కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు మీకు సరిపోతాయి. ఆవిడ పేర ఆదాయం లేకపోతే ఖర్చు మీరు పెట్టుకుంటున్నట్టు ఒక లేఖ, పెళ్ళి సర్టిఫికెట్ జతచేయాలి. 35 ఏళ్ళ కిందటి పెళ్ళిళ్ళకు చాలామంది దగ్గర ఆ సర్టిఫికెట్ ఉండదు. మీకూ లేకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇప్పుడైనా రిజిస్టర్ చేయించుకోవచ్చు. శుభలేఖ, పెళ్ళి ఫోటో, సాక్షులు కావాలంటారు. బీరువాలో వెతకడం ఈ వారమే మొదలుపెట్టండి.